బొమ్మ చూపి కథ చెప్పుట : పూర్వచరిత్రయు, నేటి బాలలును

మన గ్రంథాలయము రజతోత్సవము జరుపుకొనుచున్న ఈ సమయమున, సంచిక కొఱకు చరిత్రవిషయమై యొక వ్యాసము వ్రాయవలసినదిగా కార్యవర్గమువారు నన్ను కోరిరి. నేను మన నాగన్న బావిని గూర్చియో, నిజాముసాగరము నిర్మాణమును గూర్చియో వ్రాయుదునని వారు తలంచియుందురు. ఆ విషయములను నాకంటె బాగుగా వ్రాయగల పెద్దలు మనలో నున్నారు. ఊరివారి లెక్కలు వ్రాసి జీవించు నాకు, సాయంకాలములందు మాత్రమే కావ్యములు తిరుగవేయు నాకు, వేఱొక చరిత్ర మనస్సునకు దగ్గఱగా నున్నది. మన గ్రంథాలయమునకు వచ్చు పిల్లల చేతులలో ఇరువదియైదేండ్ల క్రిందట పుస్తకము మాత్రమే యుండెడిది. నేడు పుస్తకముతో బాటు ఇంటినుండి తెచ్చిన చరవాణి, అనగా మనమందఱము సెల్‌ఫోను అనుకొనునది, కూడ ఉన్నది. అందు వందలకొలది ఫోటోలున్నవి. ఆ ఫోటోలతో పిల్లలు తమ కథను తాము చెప్పుకొనునట్లు నేర్పుట యను నొక విద్య గడచిన ముప్పదేండ్లలో లోకమున వ్యాపించినది. ఇది క్రొత్త విద్య యని యందురు. యంత్రము క్రొత్తది గాని విద్య క్రొత్తది కాదు.

భవభూతి మహాకవి ఉత్తరరామచరితము నెఱిగినవారికి మొదటి యంకమందలి చిత్రదర్శనఘట్టము జ్ఞాపకముండును. పట్టాభిషేకానంతరము, తండ్రి జనకుడు మిథిలకు మరలిపోగా చింతాక్రాంతయై యున్న సీతకు వినోదము కలిగించుటకై లక్ష్మణుడొక చిత్రవీథికను చూపును. అందు చిత్రింపబడినది పరుల కథ కాదు, చూచుచున్నవారి కథయే. మిథిలలో పెండ్లి, అరణ్యమార్గము, పంచవటి, అగ్నిశుద్ధి వఱకు వరుసగా నున్నవి. ఈ ఘట్టమును పలుమాఱులు చదివి నేను గమనించినవి రెండున్నవి. లక్ష్మణుడు పెండ్లిపటము చూపుచు సీతను, మాండవిని, శ్రుతకీర్తిని పేర్కొని, తన భార్యయైన ఊర్మిళను దాటిపోవును. సీత యూరకుండక, ఆ నాల్గవ యామె యెవరని నవ్వుచు నడుగును. ఆయన సిగ్గుపడి మాట మార్చును. తరువాత మంథర బొమ్మ వచ్చినప్పుడు రాముడు బదులు పలుకక వేఱొకదానివైపు చూపు త్రిప్పును. శూర్పణఖ పటము కనబడగానే సీత, అది బొమ్మయని మఱచి, ఎడబాటు మరల వచ్చినట్లు భయపడును. బొమ్మను చూపువాడు కొన్నిటిని దాటవేయును. వినువాడు దాటవేసినదానినే యడుగును. పిల్లలకు ఈ విద్యను నేర్పువారు నేడు చెప్పు పాఠములలో సగము ఈ యొక్క యంకములోనే యున్నదని నా యభిప్రాయము.

భాసుని ప్రతిమానాటకము మఱియొక తీరుగా నడచును. మేనమామ యింటినుండి వచ్చుచున్న భరతుడు ఊరివెలుపలి ప్రతిమాగృహమున కాలముచేసిన పూర్వరాజుల విగ్రహములను చూచుచు, వారి వరుసలో తన తండ్రి దశరథుని ప్రతిమను గాంచును. మరణవార్త యెవ్వరును చెప్పకముందే ప్రతిమ చెప్పినది. గల్ఫు దేశములనుండి వచ్చు వార్తలు నేడు మన పల్లెలలో కొందఱికి ఇట్లే, ఫోనులోని బొమ్మ ద్వారమున, మాటకంటె ముందుగా చేరుచున్నవి. ఇంతకంటె ఈ విషయమును పొడిగింపను.

కావ్యములనుండి మన నేలకు వత్తము. తెలంగాణమున పటము చూపి కథ చెప్పు కులములు అనేకములున్నవి. చేర్యాల నకాషీ చిత్రకారులు ఖద్దరు గుడ్డకు చింతగింజల అంబలి, సుద్దమట్టి, జిగురు పట్టించి, ఆఱిన పిదప ఉడుత వెండ్రుకల కుంచెతో బొమ్మలు వ్రాయుదురు. మూడడుగుల వెడల్పు, ముప్పది నలువది యడుగుల పొడవు గల ఆ పటమును పైనుండి క్రిందికి విప్పుచు కథకులు రాత్రులు కథ చెప్పెడివారు. కాకిపడిగెలవారు ముదిరాజులకు పాండవుల కథను, మందహెచ్చులవారు గొల్లలకు కాటమరాజు కథను, కూనపులివారు పద్మశాలీలకు భావనాఋషి కథను, డక్కలివారు మాదిగలకు జాంబపురాణమును వినిపించిరి. ఇందు విశేష మేమనగా, ప్రతి కులమునకును తన పుట్టుక కథ యున్నది. దానిని చెప్పుటకు ప్రత్యేకముగా ఒక కథకుడున్నాడు. ఆ కథకుని చేత పటమున్నది. ఎవరి కథ వారికి వినిపించుట యను ధర్మమును ఈ నేల ఏనాడో యెఱిగియున్నది. కాని ఆ పటమున ఉన్నది కులము కథ. మనిషి కథ, అందును పిల్లవాని కథ, అందు లేదు. వినుచు నిద్రపోవుట మాత్రమే పిల్లల వంతు.

తన కథ తాను చెప్పుకొననివానిని లోకము లేనివానిగానే లెక్కవేయును. దీనికి మన యెదుటనే యొక దృష్టాంతమున్నది. తెలంగాణమున కవులే లేరను మాట వినవచ్చినప్పుడు సురవరము ప్రతాపరెడ్డిగారు వాదమునకు దిగక, 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించి 354 మంది కవులను నిలువబెట్టిరి. లెక్కలు వ్రాయువానిగా ఆ గ్రంథమునందు నాకు మిక్కిలి గౌరవము. అది కోపముతో వ్రాసిన ఖండనము కాదు, పద్దుల జాబితా. హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము 1901లోను, హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము 1904లోను నెలకొన్న నాటినుండి గ్రంథాలయమనునది చదువుటకు మాత్రమే గాక, మన మాట నిలుచుటకు కూడ చోటయినది.

ఫోటో విద్య పారిసునందు 1839లో లోకమునకు వెల్లడియైనది. మన ప్రాంతమున దానికి ఖ్యాతి తెచ్చినవాడు రాజా దీనదయాళు. 1844లో మీరటు సమీపమున సర్ధానాలో జన్మించి, రూర్కీలో చదివి, ఆఱవ నిజాము మహబూబ్ అలీఖానుగారి ఆస్థాన ఛాయాగ్రాహకుడై, 1905లో కాలధర్మము నొందెను. పరదా పాటించు స్త్రీల కొఱకు ప్రత్యేకముగా స్త్రీలే నడుపు చిత్రశాలను 1892లో హైదరాబాదున నెలకొల్పిన ఘనత ఆయనది. ఆయన తీసిన పటములలో నవాబులు, వేటలు, మహలులు కన్నులపండువుగా నుండును. అందు సామాన్యుడు కనబడినను పేరు లేక, పల్లకి మోయుచునో, గుఱ్ఱము కళ్లెము పట్టుకొనియో కనబడును. ఫోటో యెవరి చేతనున్నదో వారి కథనే అది చెప్పును.

పిల్లల చేతికి కెమెరా నిచ్చుట మొదట వ్యాపారముగా జరిగినది. అమెరికాలో ఈస్ట్‌మన్ కంపెనీవారు 1900లో బ్రౌనీ యను పేర నొక అట్టపెట్టె కెమెరాను ఒక్క డాలరునకు అమ్మకమునకు పెట్టి, అది పిల్లలు కూడ తీయగలిగినంత సులభమని ప్రకటించిరి. ఆ పేరు సైతము ఆనాటి పిల్లల పుస్తకములందలి మరుగుజ్జు పాత్రలది. మన పల్లెలలో మాత్రము నా బాల్యము వఱకు ఫోటో యనునది పట్టణమందలి స్టూడియోలో, కొలను, హంసలు చిత్రించిన తెరముందు, ఊపిరి బిగబట్టి కూర్చుండి తీయించుకొనవలసిన వస్తువు. పెండ్లికి ఒకటి, ఉద్యోగపు దరఖాస్తునకు ఒకటి, పోయిన పిదప దండవేయుటకు ఒకటి. చాల మందికి మూడవది కూడ లేకపోయెను.

ఇచ్చట రెండు త్రోవలు కలియుచున్నవి. ఒకటి బొమ్మ త్రోవ; రెండవది పిల్లవాని మాటను విని, వ్రాసికొని, గౌరవించు త్రోవ. రెండవది కూడ పాతదే. రష్యాలో టాల్‌స్టాయి తన యెస్టేటునందు రైతుల పిల్లలకు బడి పెట్టి, వారితో కథలు వ్రాయించి, 1862లో నొక వ్యాసమున, రైతుబిడ్డలు మనయొద్ద వ్రాత నేర్వవలెనా, మనమే వారియొద్ద నేర్వవలెనా యని ప్రశ్నించెను. ఒక చిన్నవాడు కథలో ఏ చిన్న విషయముండవలెనో పట్టుబట్టి చెప్పుచుండగా ఆ మహారచయిత ఆశ్చర్యమగ్నుడైనట్లు తానే వ్రాసికొనెను. ఫ్రాన్సు దేశమున సెలెస్టిన్ ఫ్రేనే యను పల్లెబడి పంతులు మొదటి ప్రపంచయుద్ధములో ఊపిరితిత్తులకు గాయమై, గంటలకొలది పాఠము చెప్పు శక్తి కోల్పోయినవాడు. 1924లో ఆయన చిన్న ముద్రణయంత్రమును బడికి తెచ్చి, పిల్లలు తాము చూచినదానిని, తమ యింట జరిగినదానిని వ్రాసి అచ్చువేయునట్లు చేసెను. ఆ కాగితములు దేశపు రెండవ కొసనున్న బ్రిటనీలోని మఱియొక పల్లెబడికి టపాలో పోయెడివి; అచ్చటి పిల్లల కాగితములు ఇటు వచ్చెడివి. పంతులుకు గొంతు లేకపోవుటచే పిల్లలకు గొంతు వచ్చినది.

మన భాషలో ఈ పని చేసినవారిలో న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు స్మరణీయులు. రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య యని పిల్లలు పిలుచుకొన్న ఆ దంపతులు 1940లో బాలానంద సంఘమును స్థాపించి, 1945లో ‘బాల’ పత్రికను ప్రారంభించిరి. ఇటీవలి కాలమున అనంతపురము జిల్లా చెన్నేకొత్తపల్లి ప్రాంతమునుండి 2008లో వెలువడనారంభించిన ‘కొత్తపల్లి’ పత్రిక పల్లెపిల్లలు చెప్పిన కథలను, గీసిన బొమ్మలను పుటలనిండ అచ్చువేసినది. పిల్లలకొఱకు పెద్దలు వ్రాసిన పత్రికలు మనకు కొల్లలు. పిల్లలే వ్రాసినవి వ్రేళ్లమీద లెక్కింపవచ్చును.

ఈ రెండు త్రోవలను కలిపినవారిలో వెండీ యూవల్డ్ అను అమెరికా వనిత ముఖ్యురాలు. 1975 ప్రాంతమున కెంటకీ రాష్ట్రపు బొగ్గుగనుల కొండసీమలలో పిల్లలకు కెమెరాలు చేతికిచ్చి, తమ కుటుంబములను, తమ కలలను ఫోటో తీయుడని చెప్పి, వారి మాటలతో కలిపి 1985లో పుస్తకము వెలువరించెను. తరువాత గుజరాతులోని విచ్యా యను పల్లెకు వచ్చి అచ్చటి పిల్లలతోను అట్లే చేసి, 1996లో వేఱొక పుస్తకము ప్రకటించెను. కలకత్తాలో సోనాగాచీ వాడయందలి పిల్లలకు కెమెరాలిచ్చి నేర్పిన వృత్తాంతము చలనచిత్రమై, 2005లో ఆస్కారు బహుమానము నందుకొన్నది. పిల్లలు తీసిన పటములు అద్భుతములే. అయినను ఆ తల్లుల ముఖములు, ఆ బిడ్డల ముఖములు లోకమంతయు చూచునట్లు చేయుటకు వారి యనుమతి ఎంతవఱకు తీసికొనిరను ప్రశ్న మన దేశమున గట్టిగా లేచినది. ఆ ప్రశ్న న్యాయమైనదనియే నేను భావింతును. పిల్లవానికి కెమెరా నిచ్చుట దానము. పిల్లవాని కథను తీసికొనిపోవుట వేఱు. రెండును ఒకే చేతితో జరుగుచున్నప్పుడు లెక్క జాగ్రత్తగా చూడవలెను.

డిజిటల్ కెమెరా పుట్టుక 1975 డిసెంబరులో. కోడక్ కంపెనీ యువ ఇంజనీరు స్టీవెన్ సాసన్ చేసిన ఆ యంత్రము మూడున్నర కిలోలకు పైబడి తూగినది. పదివేల చుక్కల బొమ్మను ఒక క్యాసెట్టు టేపుపై నెక్కించుటకు ఇరువదిమూడు క్షణములు పట్టినది. నేడు మన పిల్లవాని చేతనున్న ఫోను అంతకు వేలరెట్లు సూక్ష్మముగా, కనుఱెప్పపాటులో తీయుచున్నది. 2016లో అంతర్జాలపు ధర పడిపోవుటయు, 2020లో కరోనా కాలమున పాఠములు టీవీ ద్వారా, ఫోను ద్వారా సాగుటయు పల్లెపిల్లల చేతికి ఆ యంత్రము నందించినవి.

ఇంతలో అమెరికా పశ్చిమతీరమున, డానా ఆచ్లీ యను కళాకారుడు తన కుటుంబపు పాత ఫోటోలను తెరపై చూపుచు కథలు చెప్పెడివాడు. అతడును, నాటకరంగమునుండి వచ్చిన జో లాంబర్టును, మఱికొందఱు మిత్రులును 1994లో శాన్‌ఫ్రాన్సిస్కోలో సామాన్యులకు ఈ విద్య నేర్పు కేంద్రమును ప్రారంభించిరి. 1998లో అది బర్కిలీకి మాఱినది. వారి పద్ధతి తెలిసికొనదగినది. మొదట ఎవ్వరును యంత్రమును ముట్టరాదు. అందఱు గుండ్రముగా కూర్చుండి, ఒక్కొక్కరు తమ కథను నోటితో చెప్పుదురు. మిగిలినవారు విని, అర్థముకానిది అడుగుదురు. పిమ్మట కథను చిన్నదిగా వ్రాయుదురు. పిమ్మట తమ గొంతుతో తామే చదివి ధ్వనిని పట్టుదురు. చిట్టచివర బొమ్మలను పేర్తురు. ఇంగ్లండు ప్రక్కనున్న వేల్స్ దేశమున బి.బి.సి. వారి పక్షమున డేనియల్ మెడోస్ 2001 మొదలు ఊరూర ఇదే నేర్పుచు, రెండు నిముషములు, రెండువందల యేబది మాటలు, పండ్రెండు బొమ్మలు అను కొలతను పెట్టెను. మన పద్యమునకు యతిప్రాసలు ఎట్లో ఈ కొలత అట్టిది. కట్టుబాటు లేనిచో పిల్లవాడు మూడువందల ఫోటోలు చూపి, ఒక్క మాటయు చెప్పడు.

ఇంత దూరదేశములను తిరిగితిని గాని, మనకు దాపున జహీరాబాదు ప్రాంతపు పస్తాపురములో జరిగినది వీనికంటె నాకు ప్రియమైనది. 1983లో ఏర్పడిన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలో, పూర్వము దూరదర్శనమున పనిచేసిన పి.వి. సతీశ్‌గారి నాయకత్వమున, 1990ల తుదిభాగమున దళిత రైతుస్త్రీలకు వీడియో కెమెరా నేర్పిరి. వారిలో అక్షరము రానివారును ఉండిరి. ఇంగ్లీషు సాంకేతికపదములు వారికెందుకు? వారే పేర్లు పెట్టిరి. క్రిందినుండి పైకి చూచినట్లు తీసిన బొమ్మ ‘పటేలు షాటు’. ఏలయనగా పటేలు పైన కూర్చుండును, కూలి క్రిందనుండి తలయెత్తి చూచును. పైనుండి క్రిందికి చూచినట్లు తీసినది బానిసను చూచు చూపు. కన్నునకు కన్ను సరిగా నిలిపి తీసినది ‘సంఘం షాటు’. సంఘములో అందఱు ఒకే చాపపై కూర్చుందురు గనుక. భరతుని నాట్యశాస్త్రము నుండి నేటి సినిమా విద్య వఱకు లక్షణగ్రంథములు ఎన్ని యున్నను, ఇంత సూటియైన లక్షణమును నేను చదువలేదు. ఆ స్త్రీలే 2008 అక్టోబరు 15న మాచునూరులో సంఘం రేడియోను కూడ ప్రారంభించి తమ యాసలో మాటలాడిరి.

మన గ్రంథాలయమున కొంతకాలముగా ఆదివారములు ఉదయము కొందఱు పిల్లలతో ఈ పనిని చేయుచున్నాము. గొప్పగా చెప్పుకొనదగినది కాదు. రెండు చాపలు, ఒక బల్ల, గ్రంథపాలకుల కంప్యూటరు, పిల్లలు తల్లుల నడిగి తెచ్చిన ఫోనులు. మొదటి నియమము బర్కిలీ వారిదే: ఫోనును బోర్లించి బల్లపై నుంచవలెను. ఈ నియమము పిల్లలకు మిక్కిలి కష్టము. పెద్దలకు ఇంకను కష్టమని వారిని చూడవచ్చిన తండ్రుల వలన తెలిసినది.

మొదట వచ్చునవి సెల్ఫీలు. ఒక బాలుడు నాగన్న బావి కథ చెప్పెదనని పది ఫోటోలు తెచ్చెను; పదింటను వాడే యున్నాడు, వెనుక మెట్లు ఏ మూలనో కొద్దిగా కనబడుచున్నవి. పూడికతో, చెట్లతో నిండి యెవరును తొంగిచూడని ఆ బావి ఇటీవల పునరుద్ధరింపబడిన పిదప దూరప్రాంతములవారు వచ్చి ఫోటోలు తీసికొనుచున్నందున, ఫోటో అనగా తన ముఖము వెనుక బావి యని వాడనుకొనెను. నీకు భయము వేయు మెట్టు ఏది యని గ్రంథపాలకులడిగిరి. మరుసటి వారము వాడు ఒకే ఫోటో తెచ్చెను. నీడ మొదలగుచోట ఒక మెట్టు. తన నాయనమ్మ చిన్నతనమున ఆ మెట్టు దాటి దిగలేదట. ఆ సంగతి బావిని గూర్చి వ్రాసిన ఏ పుస్తకమునను లేదు.

ఒక బాలిక తన తల్లి బీడీలు చేయుటను తీసెను. చాటలో తునికాకు, కత్తెర, తంబాకు, దారము. తల్లి మొదట ఒప్పుకొనలేదు. ‘‘ఆకు కత్తిరించే చేతులల్ల ఏమున్నదని తీస్తున్నవు బిడ్డా?’’ అనెనట. ఆ మాటనే కథకు మొదటి వాక్యము చేయుమని చెప్పితిమి. వెయ్యి బీడీలకు ఎంత పొద్దు పోవునో, టేకేదారు కట్టలు చూచి ఎన్నింటిని తీసి ప్రక్కన పెట్టునో, బడినుండి వచ్చి తాను బీడీ మూతులు ముడుచునపుడు తల్లి ఏమి మాటలాడునో ఆ బిడ్డ చెప్పినది. నేను ఇన్నేండ్లు కూలిలెక్కలు వ్రాసినవాడనే. వేయింటికి ఇంత యను పద్దు నాకు కంఠస్థము. ఆ పద్దు క్రింద ఇంత తపశీలు ఉండునని నా చిట్టా యేనాడును చెప్పలేదు. తల్లి రెండు షరతులు పెట్టెను: చేతులు చూపవచ్చును, ముఖము చూపరాదు, ఇచ్చట చూపవచ్చును, ఫోనులలో పంపరాదు. రెంటిని శిరసావహించితిమి. పిల్లల వివరములకు తలిదండ్రుల సమ్మతి కావలెనని 2023 నాటి డిజిటల్ చట్టము కూడ చెప్పుచున్నది గాని, చట్టము లేకున్నను ఆ తల్లి మాట చాలును.

భాషను గూర్చి ఒక్క మాట. ఇట్టి గ్రాంథికమున వ్రాయు నేను పిల్లల కథలను దిద్దుదునని కొందఱు మిత్రులు హాస్యమాడిరి. దిద్దలేదు. పిల్లవాడు ఇంట మాటలాడు మాటను పుస్తకపు మాటగా మార్చినచో వాని గొంతు పటము వెనుకకు పోవును. ‘‘వాడు చెప్పినట్లే వ్రాయుడు’’ అనునది మా రెండవ నియమము. నాకు ఈ శైలి తగును, నా కావ్యములు నాకిచ్చినది. వారికి వారి అవ్వ యిచ్చినది వేఱు.

ఇక మన కామారెడ్డి, నిజామాబాదు ప్రాంతములలో ఏ వాడకు పోయినను కనబడు కథ యొకటున్నది. ఒక బాలుడు, తొమ్మిదేండ్లవాడు, ‘‘మా బాపు ఫోన్ల ఉంటడు’’ అని మొదలుపెట్టెను. పిల్లలు నవ్విరి. వాడు నవ్వలేదు. వాని బాపు గల్ఫుకు పోయినప్పుడు వీడు పసివాడు. వాడు చూపిన ఫోటోలలో ఎత్తైన మేడలు, వానిముందు నీలిదుస్తులలో వాని బాపు. ‘‘గీ బిల్డింగు మా బాపుదే’’ అని వాడు చెప్పుచుండగా, ఎదుట కూర్చున్న బాలిక యొకతె, ఆ ఫోటో యెవరు తీసిరని యడిగెను. సీత ఊర్మిళను గూర్చి యడిగినది నాకు జ్ఞప్తికి వచ్చినది. వానికి తెలియదు. ఆ రాత్రి వాడు బాపు నడిగెను. తీసినవాడు అదే గదిలో నుండు వేఱొక ఊరి మనిషియనియు, ఆ గదిలో మంచముపై మంచము వేసికొని చాలమంది పండుకొందురనియు, మేడ తాను కట్టుచున్నదే గాని తనది కాదనియు ఆ తండ్రి కొడుకునకు మొదటిసారి చెప్పెను. గది ఫోటో పంపుమని కొడుకు కోరెను. కొన్ని దినములు ఆయన పంపలేదు. తరువాత పంపెను.

ఆ పిల్లవాడు తన కథలో చివర పెట్టిన బొమ్మ మాత్రము ఇంటిలోనిది. రాత్రి అన్నము తినునప్పుడు తల్లి ఫోనును స్టీలు గ్లాసునకు ఆనించి నిలుపును. అవతల బాపు, ఇవతల వీరు, కలిసి తిందురు. వాడు ఫోనును తీయలేడు గదా, తీయుటకు ఫోను కావలెను. ప్రక్కింటివారి ఫోను తెచ్చి, ఖాళీ గ్లాసును, దానిముందు మూడు పళ్లెములను తీసెను.

ఈ కథలను ఎట్లు భద్రపఱచుట? నా వృత్తి నాకిచ్చిన శ్రద్ధ ఇక్కడ కొంత పనికివచ్చినది. పూర్వము పట్వారీ దస్త్రములలో, పహాణీలలో, సర్వే నంబరు, విస్తీర్ణము, పంట, పట్టాదారు పేరు ఉండెడివి. 1984లో ఆ యుద్యోగములు రద్దయినను, ఆ కాగితములు చెదలు తిన్నంత మేర పోగా నేటికిని చదువుటకు వచ్చును. ఫోనులోని ఫోటో అట్లు కాదు. నీటిలో పడినచో పోవును; అప్పు తీర్చుటకు ఫోను అమ్మినచో పోవును; చోటు చాలలేదని పిల్లవాడే తుడిచివేయును. ఫోటో తీసిన తేదీని, గంటను యంత్రము తనంతట తానే వ్రాసికొనును. అది లెక్కలవానికి ముచ్చటయైన గుణము. కాని ఫోనులో తేదీ తప్పుగా పెట్టియున్నచో ఆ తప్పునే నిష్ఠతో వ్రాసికొనును. పాత ఫ్లాపీలు చదువు యంత్రము నేడు మన మండలమున నెక్కడను కనబడదు. కావున ప్రతి కథను కంప్యూటరులో నొకటి, విడి డిస్కులో నొకటిగా దాచి, ఒక్క బొమ్మనైనను కాగితముపై అచ్చు తీయించి, పిల్లవాడు స్వహస్తముతో వ్రాసిన కాగితముతో చేర్చి దారముతో కుట్టుచున్నాము.

దానికొక రిజిస్టరు ఉన్నది. వరుససంఖ్య, తేదీ, చెప్పినవారు, బొమ్మలు తీసినవారు, బొమ్మలలో నున్నవారి సమ్మతి, ఎవరికి చూపవచ్చును, ఎవరికి చూపరాదు, ఇవి గడులు. బీడీల కథకు ఎదురుగా తల్లి రెండు షరతులును, ఆమె సంతకమును ఉన్నవి. చివర గడి ‘విన్నవారు’ అనునది. గల్ఫు పిల్లవాని కథకు ఎదురుగా ఆ గడిలో మొదట వాని తల్లి పేరు, వాని నాయనమ్మ పేరు ఉండెను. ఒక శుక్రవారము, అచ్చట సెలవుదినము, వాని బాపు ఫోనులో రెండు నిముషముల ఆ కథను విని, మరల ఒకసారి వినిపింపుమని కోరెనట. పిల్లవాడు మరుసటి ఆదివారము వచ్చి, రిజిస్టరు అడిగి తీసికొని, తండ్రి పేరు తానే వ్రాసి, ప్రక్కన రెండుసార్లు అని వేసెను. రిజిస్టరు గ్రంథాలయపు బీరువాలో క్రింది అరలో నున్నది. గడులలో అనుమతి యున్న కథలను, అడిగినవారికి గ్రంథపాలకులు ఆదివారము ఉదయము చూపుదురు.